పూర్వీకుల సంగతి తేలేదాకా నీళ్ళు తోడరాదు

శేషయ్య కాలనీలో ఛాతీ లోతు నీళ్ళు నిలిచి మూడేళ్ళు కావస్తుండగా, వాటిని తోడించాలంటే ముందు మనిషి పూర్వీకులు నీళ్ళలో పెరిగారా, నేల మీద పెరిగారా అన్నది తేలాలని మునిసిపాలిటీ తీర్మానం చేసింది. నీళ్ళలో పెరిగిన జాతే అయితే కాలనీవాళ్ళు ముంపులో ఉన్నట్టు కాదు, పుట్టింట్లో ఉన్నట్టు. పుట్టింట్లో ఉన్నవాళ్ళకి మోటార్లు పెట్టి తోడటమేమిటని తీర్మానంలోనే అడిగారు. ఏం చెప్తారు ఎవరైనా?

ఈలోగా జనం సర్దుకున్నారు. సర్దుకోక చస్తారా! నిద్రలో కొట్టుకుపోకుండా నడుముకి తాడు కట్టి, రెండో కొస కిటికీ ఊచకి బిగించి నీళ్ళ మీదే పడుకుంటున్నారు. ముడి వదులైన మగవాళ్ళు పక్కవీధిలో తేలి, అక్కడే కాఫీ తాగి వస్తున్నారు. పొయ్యిలు అటకల మీదికి చేరాయి. బడికి ఆలస్యమైన పిల్లలచేత మాస్టారు గుంజీళ్ళకి బదులు మునకలు వేయిస్తున్నాడు.

నూకరత్నానికి మాత్రం సర్దుకోవడం చేతకాలేదు. ఆమె కూతురు జాహ్నవి నీళ్ళు వచ్చాక పుట్టింది. రెండున్నరేళ్ళు దాటాయి, చేపలా ఈదుతుంది, ఒక్క అడుగు వెయ్యలేదు. మూడేళ్ళలోపు కాలికి నేల తగలకపోతే ఇక నడక రాదని డాక్టరు తేల్చేశాడు. పోనీ ఊళ్ళోకి తీసుకెళ్ళి దించుదామంటే, వివాదం తేలేదాకా కాలనీలో పుట్టిన పిల్లలెవరినీ పొడినేల మీద దించరాదని కమిషనర్ భుజంగరావు ఉత్తర్వు. గట్టు మీద బంట్రోతుల కాపలా కూడాను. పిల్ల నవ్వితే నూకరత్నం నువ్వుండలు పంచింది. పలికితే పంచదార చిలకలు పంచింది. అడుగులకి పంచాల్సిన అరిసెలే అలా ఉండిపోయాయి.

"ఒక్క గది తోడించండి బాబూ," అని ఆమె కమిషనర్ దగ్గర మొత్తుకుంది. "పిల్ల నాలుగడుగులేశాక మళ్ళీ నింపేసుకోండి. నేనొద్దన్నానా?"

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు భుజంగరావు. ఆ మాట ఆయన ఎప్పుడూ మర్యాదగానే అంటాడు.

చివరికి జాహ్నవినే సాక్ష్యంగా హాజరుపరచమని కబురొచ్చింది. విచారణ మునిసిపల్ ఆఫీసు మూడో అంతస్తులో. అంటే పొడి గచ్చు! నూకరత్నం పొద్దున్నే అరిసెలు వండింది. బియ్యం నానబెట్టే పని లేకపోయింది, అవి ఎప్పుడూ నానే ఉంటాయి. డబ్బా నెత్తిన పెట్టుకుని, పిల్లని భుజానికెత్తుకుని బయల్దేరింది.

నీటిపక్షం తరఫున డాక్టర్ తారకేశ్వర్, నేలపక్షం తరఫున ప్రొఫెసర్ హైమవతి కూర్చున్నారు. ఇద్దరూ కాలనీ మొహం చూడలేదు. చూస్తే నిష్పాక్షికత పోతుందట.

"ఒంటి మీద బొచ్చేదీ?" అన్నాడు తారకేశ్వర్. "చర్మం కింద అంత కొవ్వెందుకు? నీళ్ళలో నడిచీ నడిచీ కదండీ మనిషి రెండు కాళ్ళ మీద నిలబడింది!"

"ఖడ్గమృగానికీ బొచ్చు లేదు. అది చెరువులో పుట్టిందా?" అంది హైమవతి. "మనిషి ఎండనపడి పరిగెత్తాడు, చెమట పట్టాలి కనక బొచ్చు రాలింది. ఎముకలన్నీ నేలలోనే కదా దొరికాయి?"

"నేలలోనా, ఎండిపోయిన చెరువుల్లోనా?"

భోజనాల వేళయింది. అందరూ తినొచ్చి, మళ్ళీ బొచ్చు దగ్గర్నుంచే మొదలెట్టారు. నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి మీకో దణ్ణం! మా తాతలు మొసళ్ళతో కాపరం చేస్తే నాకేం, కోతులతో కొమ్మలెక్కితే నాకేం? నా పిల్ల కాళ్ళ సంగతి చెప్పండి!"

ఎవరి జవాబుకీ ఆగకుండా గచ్చు మీద వరసగా అరిసెలు పరిచి పిల్లని దించింది. జాహ్నవి బోర్లాపడి చేతులు ఆడించింది. గచ్చు కదల్లేదు. తెల్లబోయి తల్లి వంక చూసింది. నూకరత్నం రెండు చేతులూ పట్టుకుని లేపి నిలబెట్టింది. మోకాళ్ళు వణికాయి. పిల్ల మొదటి అరిసె మీద కాలు పెట్టి, అది మెత్తగా తగిలేసరికి కిలకిలా నవ్వింది. రెండో అరిసె, మూడోది... నాలుగో దానికి తల్లి చేతులు వదిలేసింది. నూకరత్నం అందరి ముందూ భోరుమని ఏడ్చింది. అంత సంతోషం ఆమె ఎరగదు.

"నడిచింది! నేలజాతే!" అంది హైమవతి.

"నీళ్ళలో పెరిగి కూడా నడిచిందంటే, నడక నీళ్ళలోనే వచ్చిందన్నమాట!" అన్నాడు తారకేశ్వర్.

భుజంగరావు ఇద్దరినీ శ్రద్ధగా విన్నాడు. ఇంత విలువైన సాక్ష్యాన్ని దొరికిన స్థితిలోనే భద్రపరచాలన్నాడు. కాబట్టి కాలనీలో నీళ్ళు బెత్తెడు కూడా తగ్గరాదు, వేసవిలో ఇంకితే కాలవ నుంచి పెట్టించాలి, తుది తీర్పు వచ్చేదాకా పిల్లని తిరిగి నీళ్ళలోనే ఉంచాలి. పండితులిద్దరూ మొట్టమొదటిసారి ఒక మాట మీదికి వచ్చి, డబ్బాలో మిగిలిన అరిసెలు చెరొకటీ తీసుకున్నారు.

"బెల్లం పిసరంత తగ్గిందమ్మా," అంది హైమవతి.

"మీ నోట మన్ను పడ!" అని అరిచింది నూకరత్నం. గుమాస్తా దాన్ని నేలపక్షానికి మద్దతుగా రాసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి అచ్చియ్యమ్మ గిన్నెతో ఎదురుచూస్తోంది. ఆమె మనవడు ఐదునెలలవాడు ఆ పూటే మొదటిసారి తనంతట తాను మునిగి లేచాడట.

"మునిగితే మినపసున్నుండలు కదే, తీసుకో," అంది. ఈ ఆచారం ఎవరు మొదలెట్టారో తెలీదు. కాలనీ అంతా పాటిస్తోంది.

నూకరత్నం ఒకటి తీసుకుని తింది. బాగుందంది కూడా.

జాహ్నవిని నీళ్ళలోకి దించింది. ఎప్పుడూ చటుక్కున ఈదుకుపోయే పిల్ల ఈసారి కదల్లేదు. తల్లి మెడ పట్టుకుని వేలాడుతూ, కాలి వేళ్ళతో కింద వెతుక్కుంది. ఏమీ తగల్లేదు.

"అమ్మా, నేలేదీ?"

"పరిశీలనలో ఉందమ్మా," అని మర్యాదగా చెప్పి, నూకరత్నం పిల్ల నడుముకి తాడు కట్టింది.