దయ్యాల ఆట మీద అర్జీ

ఆ ఆదివారం పొద్దున్న ప్రసూనాంబ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరేళ్ల కూతురు హైమకు తలంటు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, రెండు జడలు వేసి, సాయంత్రం దాకా పిల్లను తన కళ్లెదుటే కూర్చోబెట్టుకోవాలి. మాడుకు నూనె పట్టించి, కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, రసం తీయడానికి పెరట్లోకి వెళ్లింది. వచ్చేసరికి పీట ఖాళీ. నూనె చుక్కలు పీట దగ్గర మొదలై, గుమ్మం దాటి, వీధి దాటి, సరాసరి మల్లేశ్వరి ఇంట్లోకి వెళ్లాయి.

మల్లేశ్వరిది ఎదురిల్లు. ఆమె భర్త చీరాల నేత చీరలు మూటలు కట్టుకుని మద్రాసు దాకా వెళ్లి అమ్ముతాడు. పెళ్లయి అయిదేళ్లయినా ఆ ఇంట్లో పిల్లల అలికిడి లేదు. మొన్న వేసవిలో అతను మద్రాసు నుంచి టీవీకి తగిలించే ఆటపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో శ్మశానం ఉంటుంది. సమాధుల్లోంచి దయ్యాలు లేస్తుంటే, గొడ్డలి పట్టిన బొమ్మ మనిషి వాటి తలలు నరుకుతాడు. తల తెగినప్పుడల్లా టీవీ నిండా ఎర్రగా చిమ్ముతుంది. అప్పటినుంచీ ఆ వీధి పిల్లలెవరూ సొంత ఇళ్లలో కాపురం చేయడం లేదు.

మిగతా తల్లులకు హాయిగానే ఉంది. ప్రసూనాంబకే కంటగింపుగా ఉంది. పిల్ల దయ్యాలను చూసి జడుసుకుంటుందేమోనని మొదట భయపడింది. జడుసుకుంటే కనీసం తన దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. అదీ లేదు.

కుంకుడు రసం గిన్నెతోనే ఆమె ఎదురింటికి వెళ్లింది. అప్పటికే హైమ తల ఆరుతోంది.

"నూనె కారుకుంటా వచ్చిందక్కా. నేనే పోసేశా," అంది మల్లేశ్వరి. "పాపం, ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలా."

ఇంట్లో తలంటంటే హైమ ఏడుపు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. ప్రసూనాంబ గిన్నె వంక చూసుకుంది.

"ఇంటికి రావే, జడలేస్తాను."

"పిన్ని నాలుగు పాయల జడ వేస్తానంది. నీకు మూడే వచ్చుగా," అంది హైమ, టీవీ మీంచి కన్ను తిప్పకుండా.

మర్నాడు ప్రసూనాంబ భర్త రామమూర్తి బడికి వెళ్లబోతూ పేపరు చదువుతున్నాడు. ఆయన ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఏ వార్తయినా తరగతికి చెప్పినట్టు పైకి చదవడం అలవాటు. దయ్యాల క్యాసెట్లు, రక్తపాతం చూపించే వీడియో ఆటలు పిల్లల మనసులు పాడుచేస్తున్నాయనీ, అలాంటివి ప్రదర్శిస్తే నిషేధించే అధికారం మండల అధికారులకు ఇచ్చారనీ అందులో ఉంది.

"అంటే ఎవరన్నా అర్జీ పెట్టొచ్చా?" అంది ప్రసూనాంబ.

"పెట్టొచ్చు. చదివేవాడు దొరకాలి గానీ."

ప్రసూనాంబ చదువు తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్లిపీటల మీద ఆగిపోయింది. అయినా ఆ మధ్యాహ్నం భర్త నోటుపుస్తకంలోంచి మూడు కాగితాలు చింపి అర్జీ రాసింది. తలలు తెగడం రాసింది, రక్తం చిమ్మడం రాసింది, పసిపిల్లలు నవ్వుతూ నరుకుతున్నారని రాసి కింద గీత గీసింది. నాలుగు పాయల జడ సంగతి మాత్రం రాయలేదు.

ఎనిమిదో రోజున ఎదురింటి ముందు జీపు ఆగింది. మండల అధికారి శ్రీమన్నారాయణ గారు, ఆయన వెనక హైస్కూలు హెడ్మాస్టరు జానకిరామయ్య గారు, వాళ్ల వెనక ఫైలుతో అటెండరు రోశయ్య దిగారు. అర్జీదారు కాబట్టి ప్రసూనాంబను కూడా పిలిపించారు.

"ఇంట్లో ఆడుకునేది ప్రదర్శన ఎట్టా అవుద్దండీ?" అని అడిగింది మల్లేశ్వరి.

అధికారి కిటికీకి వేలాడుతున్న పదిహేను మంది పిల్లల్ని చూపించాడు. "ఇది ప్రదర్శన కాకపోతే ఏంటమ్మా, తిరునాళ్లా?" ఫైలు తెరిచాడు. "నిషేధించాలంటే ముగ్గురం మొదటినుంచి చివరిదాకా చూడాలి. 'ఆసాంతం వీక్షించితిమి' అని సంతకాలు చెయ్యాలి. ఇది ఎన్ని గంటలు?"

"గంటల లెక్క కాదండీ. చచ్చిందాకా ఆడొచ్చు."

అధికారి మీటలు చేతిలోకి తీసుకున్నాడు. మొదటి సమాధి దగ్గరే పోయాడు. జానకిరామయ్య గారు కళ్లజోడు సర్దుకునేలోపే పోయారు. రోశయ్య రెండో శ్మశానం దాకా వెళ్లాడు గానీ, దొరగారికంటే ముందుకు పోకూడదని గుర్తొచ్చి అక్కడ తనంతట తనే చచ్చిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ముగ్గురూ వంతులవారీగా చస్తూనే ఉన్నారు. మధ్యమధ్య మల్లేశ్వరి మిరపకాయ బజ్జీలు, కాఫీ అందించింది. "కాఫీ అంటే ఇదీ," అన్నాడు అధికారి. నిషేధించడానికి వచ్చినవాడు కూడా మల్లేశ్వరినే మెచ్చుకుంటున్నాడని ప్రసూనాంబ గుండె మండిపోయింది.

"మొదటి మూడు నిమిషాలే చూసి ఆసాంతం చూశామని ఎట్లా రాస్తాం?" అన్నాడు అధికారి. "రేపు కోర్టులో ఆఖర్న ఏముందని అడిగితే?"

"ఆఖర్న నీతి ఉండొచ్చు," అన్నారు హెడ్మాస్టరు గారు. "నీతి ఉంటే నిషేధించడం కష్టం."

అధికారి ఫైలు మూశాడు. ఆయన ఉద్యోగమంతా పొలం తగాదాల్లో గడిచింది. "తగాదాలో ఎడ్లను జప్తు చేస్తే ఆఫీసులో కట్టేసుకోం. మేత వెయ్యాలిగా. పొరుగు రైతుకు అప్పగించి జిమ్మా సంతకం తీసుకుంటాం. ఇదీ అంతే. రోశయ్యా, పెట్టె ఎదురింటికి చేర్చు. అమ్మా, అర్జీ పెట్టింది మీరు. జిమ్మా మీదే. మీరే ఆడి, ఆఖరు చూసి, రాసివ్వండి."

మల్లేశ్వరి ముఖం వాడిపోయింది. అది చూసిన సంతోషంలో, తనేం ఒప్పుకుందో ప్రసూనాంబకు సంతకం పెట్టాక గానీ తెలియలేదు.

ప్రసూనాంబ ఇంట్లో టీవీ నలుపు తెలుపుది. అందులో దయ్యాల రక్తం ఒలికిన సిరాలా చిమ్మింది. మొదటిరోజు ఆమె ఇరవైసార్లు చచ్చింది. చచ్చినప్పుడల్లా "రామరామ" అనుకుంది. చూడలేక హైమ వచ్చి ఒళ్లో కూర్చుంది.

"అటు కాదమ్మా. ఎగురు. ఇప్పుడు నరుకు. కళ్లు మూసుకుని నరికితే ఎట్లా?"

పిల్ల తల తన గడ్డం కింద వెచ్చగా ఉంది. ప్రసూనాంబ కళ్లు తెరిచి నరికింది.

అక్కడినుంచి ఇంటి తీరు మారిపోయింది. మూడో శ్మశానం దగ్గర పప్పు మాడింది. నాలుగో శ్మశానం దగ్గర రామమూర్తి తనే అన్నం వండుకున్నాడు. అయిదోది రాబోయే వేళకు కరెంటు పోయి, ఆట మొదటికొచ్చింది. కిటికీకి వేలాడే పిల్లలు ఈ కిటికీకి మారారు. హైమ ఎదురింటి గడప తొక్కి వారమైంది.

మల్లేశ్వరి తన గుమ్మంలో నిలబడి చూసేది. ఆమె అలా నిలబడుతోందా లేదా అని ప్రసూనాంబ దయ్యానికీ దయ్యానికీ మధ్య తొంగిచూసేది. ఎనిమిదో రోజున మల్లేశ్వరి జంతికల పళ్లెంతో వీధి దాటి వచ్చింది.

"పిల్లలు ఆకలితో ఉంటారని, అక్కా." పిల్లలంతా పళ్లెం మీద పడ్డారు. హైమ కూడా.

"మా ఇంట్లో ఆకలేం లేదు," అంది ప్రసూనాంబ. ఆఖరి శ్మశానంలో పెద్ద దయ్యం తల ఎన్నిసార్లు నరికినా మళ్లీ మొలుస్తోంది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

మల్లేశ్వరి ఇక ఓర్చుకోలేకపోయింది. "తల కాదక్కా, కాళ్లు."

చెప్పింది మల్లేశ్వరి కాబట్టి ఇంకో రెండుసార్లు తలే నరికింది. రెండుసార్లూ చచ్చింది. మూడోసారి కాళ్లు నరికింది. దయ్యం కూలింది. టీవీలో తెల్లవారింది. బొమ్మ మనిషి గొడ్డలి కింద పెట్టి, ఓ రాయి మీద కూర్చున్నాడు. అంతే. హైమ అమ్మ మెడను వాటేసుకుని ఊపేసింది.

సరిగ్గా అప్పుడే రోశయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఆఖరు కనబడిందా అమ్మా? కనబడితే రాయించుకుని పెట్టె తెమ్మన్నారు. ఆఫీసు వెనక పగలగొట్టిస్తారంట."

హైమ నోరు తెరిచింది. మల్లేశ్వరి ఆ నోట్లో జంతిక కుక్కింది. ప్రసూనాంబ లేచి టీవీ ఆపేసింది. మెడ మీద పిల్ల చేతుల వెచ్చదనం ఇంకా ఉంది. కాగితం తీసుకుని, ఆఖరు ఇంకా కనబడలేదనీ, ఆట మిక్కిలి కఠినంగా ఉన్నదనీ, మూడు నెలలు గడువు ఇప్పించవలెననీ రాసి సంతకం పెట్టింది.

"సాక్షి సంతకం కూడా కావాలమ్మా," అన్నాడు రోశయ్య.

ప్రసూనాంబ తలెత్తకుండా కాగితం పక్కకు జరిపింది. మల్లేశ్వరి గబగబా సంతకం చేసింది.

ఆ సంతకం తన సంతకం కన్నా గుండ్రంగా ఉందని ప్రసూనాంబకు ఆ రోజంతా అన్నం సహించలేదు.