మునుపు లేని మనిషి

పాపాత్ముడికి దేవుని సన్నిధిలో ఎప్పుడూ చోటు ఉంటుంది. పాపం చేయనివాడిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే మానవజాతి చాలాకాలం తేల్చుకోలేకపోయిన సమస్య. దాన్ని పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆళ్లగడ్డ వార్షిక క్రైస్తవ ఉజ్జీవ కూటాల సాక్ష్యాల పరిశీలన ఉపసంఘం తేల్చేసింది. ఎక్కడా కూర్చోబెట్టనక్కరలేదని తేల్చింది.

ఆ తీర్పు మొదట తగిలింది కరుణాకర్‌కు. నంద్యాలలో ఒక మిషన్ బడిలో లెక్కలు చెప్పే పంతులు. తాత ఉపదేశి, నాయన బడిపంతులు. పుట్టిన నెలకే బాప్తిస్మం అయింది. సారా ముట్టలేదు, బీడీ ముట్టలేదు, ఒకరి మీద చెయ్యెత్తలేదు. ఇంత అధ్వాన్నమైన చరిత్ర ఉన్న మనిషి, ఆళ్లగడ్డలో నర్సు పని చేసే లూదియాను పెండ్లి చేసుకోవాలనుకున్నాడు. లూదియాకూ ఇష్టమే. అడ్డమల్లా ఆమె నాయన ఇస్సాకు. ఆయన సంఘ పెద్ద, కూటాల కార్యదర్శి, పైగా ఆ ఉపసంఘానికి అధ్యక్షుడు. (ఉపసంఘంలో ఉన్నది ముగ్గురే. మిగిలిన ఇద్దరినీ ఆమేన్ అనడానికి నియమించారు.)

"మంచోడైతే సరిపోతుందాప్పా?" అన్నాడు ఇస్సాకు, సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దమనుషులతో. "రక్షణ పొందినాడా? ఏ తేదీన పొందినాడు? మా పందిట్లో నిలబడి సాక్ష్యం చెప్పినోనికే నా బిడ్డ."

సాక్ష్యమంటే ఏమిటో తెలియనివారి కోసం కొంత వివరించాలి. మనిషి మైకు ముందు నిలబడి తానెట్లా మారాడో చెప్పడమే సాక్ష్యం. మునుపటి రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పేవాళ్లు. ఇస్సాకు వచ్చాక దానికొక పద్ధతి ఏర్పడింది. సాక్ష్యంలో మునుపు, అప్పుడు, ఇప్పుడు అని మూడు భాగాలుండాలి. మునుపు అంటే చేసిన పాపాలు, సవిస్తరంగా. అప్పుడు అంటే మారిన తేదీ. ఇప్పుడు అంటే "ప్రభువు కృప వల్ల బాగుండాను, స్తోత్రం" అన్న ఒక్క వాక్యం. ఆ చివరి భాగం సాగితే జనం లేచి మజ్జిగ కుండల దగ్గరికి పోతారని ఉపసంఘం అనుభవం మీద కనిపెట్టింది.

పాపాలకు తరగతులు కూడా ఉన్నాయి. నాటుబాంబులు చుట్టినవాళ్లకు, దొంగతనాలు చేసినవాళ్లకు శనివారం సాయంత్రం, ముందొక పాట, పెద్ద మైకు. తాగుబోతులకూ పేకాటరాయుళ్లకూ శుక్రవారం. సినిమాలు, బీడీల బాపతు వాళ్లకు పొద్దున పూట, ఎండలో. కోపం, అసూయ, చాడీలు చెప్పడం వంటివి పాపాల కిందికి రావనీ, అవి సంఘ సభ్యుల సహజ లక్షణాలనీ ఒక తీర్మానం ఉంది. (వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఉపసంఘం సమావేశమయ్యే వీలు లేదు.)

కరుణాకర్ ఒక ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి ఉపసంఘం ముందు నిలబడ్డాడు.

"మునుపు ఏం చేస్తాంటివప్పా?" అని అడిగాడు ఇస్సాకు.

"బడికి పోతాంటి సార్. ఆదివారం గుడికి."

"మేం అడిగేది నీ పాపం గురించి."

కరుణాకర్ తల వంచుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. చివరికి, "చిన్నప్పుడు బనగానపల్లెలో మా మేనమామ ఇంటికి పోయినప్పుడు, యెవరిదో తోటలో మామిడికాయ కోసుకున్యా" అన్నాడు. చెప్పేటప్పుడు నిజంగానే సిగ్గుతో ముఖం కందింది.

ఉపసంఘం ముఖముఖాలు చూసుకుంది.

"బనగానపల్లెకు పోయి మామిడికాయ కోయనోడు యెవడుండాడప్పా?" అన్నాడు ఇస్సాకు. "దాన్ని పాపమంటే ఆ ఊరికి బస్సులే నిలిపెయ్యాల. మునుపు ల్యాకుండా ఇప్పుడు యాడ్నుంచి వస్తుంది?"

"ఆమేన్" అన్నారు మిగిలిన ఇద్దరూ.

"కూటాలు ఇంకా నెల ఉండాయి. యాడన్నా దొరికితే తీసుకొని రా, చూస్తాం" అని దయగా పంపించాడు.

(కూటాలు ప్రతి ఏడూ మహానంది తిరునాళ్లకు ముందే జరగాలి. తరవాతైతే మైకుసెట్టు దొరకదు. ఈ ఒక్క విషయంలో రెండు మతాల మధ్యా ఏనాడూ పొరపొచ్చాలు రాలేదు.)

బస్టాండులో లూదియా ఎదురుచూస్తోంది. సంగతి విని నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు.

"కోవెలకుంట్ల నుంచి ఇంకో సంబంధం వచ్చిందండి. మునుపు రెండు బాంబు కేసులంట ఆయనకు. మా నాయన ఒకటే మురిసిపోతాండాడు. కూటాలైనాక మాట ఇచ్చేస్తానంటాండాడు" అంది. మళ్లీ తనే, "మీకే పాపమూ దొరక్కపోతే మా నాయనవి నేను చెప్తా. వాటిల్లో ఒకటి వాడుకోండి" అంది.

లూదియా లేకుండా తాను బతకలేడని ఆ బస్టాండులోనే, ఆ వేరుశనక్కాయల తొక్కుల మధ్యనే, కరుణాకర్‌కు ఖాయంగా తెలిసింది. మరునాటి నుంచి శ్రద్ధగా పాపం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మొదట నంద్యాలలో మద్దిలేటి సారా అంగడికి పోయాడు.

"దారి తప్పినారా సార్?" అని గాబరాగా లేచాడు మద్దిలేటి. "బస్టాండు ఆ పక్క."

"తప్పలేదు. ఒక గ్లాసు పొయ్యి."

"మా పిల్లోనికి లెక్కలు చెప్పే నోరు సార్ అది. ఆ నోట్లో నేను పోస్తే నా ఇంట్లో నాకు కూడు పెడతారా?"

మద్దిలేటి ఎదురుగా ఉన్న అంగడికి పోయి గోళీసోడా తెచ్చి తాగించాడు. ఈ యాపారం తనకూ ఇష్టం లేదనీ, తనకు పెండ్లి చేయాల్సిన అప్పచెల్లెండ్లు ఉన్నారనీ చెప్పుకుని కండ్లు తుడుచుకున్నాడు. పోతూ పోతూ తన కోసం దేవునికి ఒక మాట చెప్పమన్నాడు. కరుణాకర్ అక్కడే కండ్లు మూసుకుని ప్రార్థన చేసి, వచ్చినదానికంటే ఇంకాస్త పవిత్రంగా బయటపడ్డాడు.

తరవాత మ్యాట్నీకి పోయాడు. దీపాలార్పినాక పక్క కుర్చీల్లో ఎవరో గట్టిగా నవ్వుతుంటే తేరిపార చూశాడు. ఆళ్లగడ్డ ఉపసంఘంలోని ఇద్దరు ఆమేన్‌లు. తమ ఊళ్లో చూస్తే బాగుండదని నంద్యాల దాకా వచ్చారు.

"జనం యెట్లా చెడిపోతాండారో చూసిపోదామని వచ్చినాం" అన్నాడు ఒకాయన గంభీరంగా. "విశ్రాంతి అయినాక గుడక చూడాల్సి ఉండాది. నువ్వేంది ఈడ?"

పెద్దలు తనిఖీకి వచ్చిన చోట కూర్చుంటే అది పాపమవుతుందో సేవ అవుతుందో కరుణాకర్‌కు తేలలేదు. లేచి వచ్చేశాడు.

కూటాలకు వారముందనగా పరంజ్యోతి అతని గది వెతుక్కుంటూ వచ్చాడు. ఆళ్లగడ్డలో బియ్యపు మిల్లులో మూటలు మోసే పరంజ్యోతి తెలియనివాళ్లు ఆ తాలూకాలో లేరు. ఒకప్పుడు పేరుమోసిన దొంగ. మారి చాన్నాళ్లయింది. ఏటేటా శనివారం సాయంత్రం సాక్ష్యం ఆయనదే. ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఏడుస్తాడో జనానికి కంఠతా వచ్చు. లూదియా పంపిందని చెప్పి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నా కాడ ఒకటి ఉండాది సారూ. మిడుతూరు కాడ ఒక యెద్దును తోలుకపోయినా. అది నేను యాడా చెప్పల్యా. నువ్వు తీసుకో."

"యెందుకు చెప్పలేదు?"

పరంజ్యోతి తువాలు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. "తక్కినవన్నీ ఉన్నోళ్ల సొమ్ము సారూ. చెప్తే జనం నవ్వుతారు, స్తోత్రమంటారు. ఇదొక్కటి బీదోని కాడెద్దు. నోరు రాల్యా."

కరుణాకర్ వద్దనాల్సింది. వద్దనలేదు. ఎద్దు రంగు, కొమ్ముల తీరు అడిగి తెలుసుకున్నాడు.

శనివారం సాయంత్రం పందిరి కిటకిటలాడుతోంది. ట్యూబులైట్ల చుట్టూ పురుగులు మూగాయి. కరుణాకర్ మైకు ముందు నిలబడ్డాడు. బడిపంతులు గొంతు కదా, వెనక వరుస దాకా పోయింది. మిడుతూరు ఎద్దు నుదుట తెల్లమచ్చ గురించి చెప్పాడు. విరిగిన ఎడమ కొమ్ము గురించి చెప్పాడు. అంబా అని అది వెనక్కి చూసిందని చెప్పినప్పుడు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వేదిక మీద ఇస్సాకు మొట్టమొదటిసారి అతని వైపు అల్లుణ్ని చూసినట్టు చూశాడు.

"స్తోత్రం!" అంది పందిరంతా.

"స్తోత్రం సరేనప్పా. నా యెద్దు యాడ?"

అందరూ వెనక్కి తిరిగారు. మజ్జిగ కుండల దగ్గర తలగుడ్డ కట్టుకున్న ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు. పేరు నరసింహులు, మిడుతూరు పక్క సేద్యగాడు. ఆళ్లగడ్డలో చెల్లెలి ఇంటికి వచ్చి, పాటలు బాగున్నాయని కాసేపు కూర్చున్నాడు.

ఇస్సాకు మైకు లాక్కున్నాడు. "అదంతా మునుపటి సంగతి పెద్దాయనా. ఆ పాపం క్షమించబడింది."

"యెవరు క్షమించినారు?" అన్నాడు నరసింహులు. "యెద్దు నాది గదా. నన్నెవరూ అడగల్యా."

ఈ కోణం ఉపసంఘం నియమాల్లో ఎక్కడా లేదు. ఆమేన్‌లిద్దరూ ఇస్సాకు వైపు చూశారు. ఇస్సాకు పాట పాడేవాళ్ల వైపు చూశాడు. కరుణాకర్ నిజం చెబితే పరంజ్యోతి పట్టుబడతాడు, చెప్పకుంటే ఆ ముసలాయన ముఖం చూడలేడు. అంతలో పరంజ్యోతే ముందు వరుసలోంచి లేచి, జనం మధ్య నుంచి వెనక్కి నడిచి, నరసింహులు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తోలుకపోయింది నేనన్నా. సారు ఆ యెద్దును కండ్లతో గుడక చూడలే."

"ఆ యేడు సేద్యం పడిపోయిందప్పా" అన్నాడు నరసింహులు. "మా ఇంటిది అంకమ్మ చెవుల కమ్మలు అమ్మె. మళ్లా పెట్టుకోల్యా."

పరంజ్యోతి ఏడ్చాడు. జనానికి కంఠతా వచ్చిన ఏడుపు కాదది. ముక్కు కారుతూ, మాట రాకుండా, చూడడానికి ఏమాత్రం బాగాలేని ఏడుపు. ఒక్కరూ స్తోత్రమనలేదు. ఇది కార్యక్రమంలో లేదు గనుక ఎప్పుడు అనాలో వాళ్లకు తెలియలేదు.

"లెయ్" అన్నాడు నరసింహులు, భుజం పట్టుకుని. "ఈసారి వానలు పడితే వచ్చి నా చేలో మడక పట్టి దున్ను. పా, టీ తాగుదాం." ఇద్దరూ పందిరి బయటికి వెళ్లిపోయారు.

కరుణాకర్ మళ్లీ మైకు దగ్గరికి వంగాడు. "నేను అబద్ధం చెప్పినా. నాకు మునుపు ల్యాదు. ఇదే మొదలు" అని దిగి వచ్చేశాడు. ఆ మాట అన్నాక అతనికి ఏడుపూ వచ్చింది, ప్రాణమూ తేలికపడింది.

సోమవారం ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. కార్యక్రమంలో లేని పశ్చాత్తాపం చెల్లదని తీర్మానించింది. ఇన్నేండ్లుగా ఒక పాపాన్ని తొక్కిపెట్టి అరకొర సాక్ష్యం చెప్పినందుకు పరంజ్యోతికి శనివారం తీసేసింది. నరసింహులు విషయంలో, ఆయన అన్యుడు గనుక క్షమించే అధికారం ఆయనకు ఉందో లేదో పైవాళ్లను కనుక్కోవాలని నిర్ణయించింది.

ఇంటికొచ్చిన ఇస్సాకును లూదియా వాకిట్లోనే పట్టుకుంది.

"నాయనా, పాపం ల్యాదని పిల్లనియ్యనంటివి. ఇప్పుడొకటి వచ్చింది గదా ఆయనకు."

"పాపముండేవానికి పిల్లనెవరిస్తారే?" అన్నాడు ఇస్సాకు ఆశ్చర్యంగా.

"మరి కోవెలకుంట్లాయనకు?"

"ఆయనది పాత పాపం. ఇది తాజాది."

లూదియా వాదించలేదు. "సరే. వచ్చే యేడు కూటాల్లో నేను చెప్తా సాక్ష్యం" అంది. "తండ్రి మాట వినకుండా పెండ్లి చేసుకున్న కూతురని. మునుపు, అప్పుడు, ఇప్పుడు, మూడూ ఉంటాయి. మునుపు కాడ నిన్ను గురించి గుడక సవిస్తరంగా చెప్పాల్సొస్తుంది."

ఇస్సాకు ఆ రోజంతా ప్రార్థనలో గడిపాడు. మరునాడు పెండ్లి ప్రకటన చదివించమని పాదిరిగారికి కబురు పంపాడు.

తొలకరి వానలు పడ్డాక పెండ్లి ఘనంగానే జరిగింది. ఇస్సాకు వచ్చిన ప్రతివాణ్నీ చేయి పట్టుకుని కరుణాకర్ దగ్గరికి తీసుకొచ్చాడు. "మా అల్లుడు మామూలోడు కాదప్పా. ఒకప్పుడు మిడుతూరు నుంచి యెద్దులు తోలుకపోయినోడు. ప్రభువు యెట్లా మార్చినాడో చూడు." పాదిరిగారి దగ్గరికి వచ్చేసరికి అది మంద అయింది.

"మామా, అది నేను కాదని పందిట్లోనే చెప్పినా గదా" అన్నాడు కరుణాకర్ సన్నగా.

"చూసినావా, వినయం గుడక వచ్చింది" అన్నాడు ఇస్సాకు, బంధువులతో.

అప్పుడే పరంజ్యోతి వచ్చాడు. చేతులు మడక పట్టి కాయలు కాచి ఉన్నాయి, చొక్కా ఉతికినది. చదివింపుల బల్ల దగ్గర కూర్చోవాల్సినవాడు భోజనానికి పోయాడని చూసి, కొత్త దంపతులకు తన వంతు సాయమని ఆ కుర్చీలో కూర్చోబోయాడు. ఇస్సాకు పందిరి ఆ చివర నుంచి ఆదరాబాదరాగా వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"నీకు ఈడేం పని పరంజ్యోతీ? ముందు వరుసలో కూచోప్పా," అన్నాడు ప్రేమగా. "అందరికీ కనబడేట్టు."