మూకుట్లో సైన్యం

ఆ శనివారం పొద్దున లేచేసరికి వెర్లిన్ టెష్ ముందున్న పని ఒక్కటే: మధ్యాహ్నం రెండింటికి తన నేలమాళిగలో, ఇసుకబల్ల మీద, ఒక సామ్రాజ్యాన్ని కూల్చడం. 1971 జనవరి. విస్కాన్సిన్‌లో సరస్సు గడ్డకట్టాక మగవాళ్ళకి పెద్దగా పనుండదు. కొందరు మంచుకి చిల్లుపెట్టి చేపలు పడతారు. మిగిలినవాళ్ళు వెర్లిన్ ఇంటికొచ్చి, వేలెడంత సీసం సైనికులతో యుద్ధాలు చేస్తారు. తగవొస్తే తీర్పు వెర్లిన్‌దే. ఊళ్ళోవాళ్ళ హీటర్లు బాగుచేసుకు బతికే వెర్లిన్‌కి ఈ భూమ్మీద ఇంకెక్కడా ఆ మర్యాద లేదు.

ఆ మర్యాదకే ముప్పొచ్చింది. "ఈసారి కూడా ఆట చెడగొట్టావంటే ఇసుకబల్ల మా గరాజుకి పోతుంది. తీర్పులు నేను చెప్తా" అని నార్బర్ట్ కిందటివారం అందరి ముందూ అనేశాడు. మంచినీళ్ళ వంకన వంటింట్లోకెళ్ళి ఎదుటివాడి సైన్యాన్ని తొంగిచూసే అలవాటు కూడా నార్బర్ట్‌కుంది. అందుకని వెర్లిన్ రెండేళ్ళపాటు రంగులేసిన సైన్యాన్ని ఒక అట్టపెట్టెలో సర్ది, పైన పాత స్వెట్టర్లు కప్పి, శత్రువు కలలో కూడా వెతకని చోట పెట్టాడు. చర్చిలో పాతసామాన్ల అమ్మకానికి భార్య అర్లీన్ సిద్ధం చేసిన పెట్టెల మధ్యన.

యుద్ధచరిత్రలో ఇంతటి వ్యూహం లేదు. సైన్యం నార్బర్ట్‌కి దొరకలేదు. అర్లీన్‌కి దొరికింది.

పెట్టెలున్న చోటు ఖాళీగా కనిపించగానే వెర్లిన్ చర్చికి పరిగెత్తాడు. "నా పెట్టేది?"

"స్వెట్టర్లదా? బెంగపడకు, వాటినెవరూ కొనలేదు," అంది అర్లీన్. "అడుగున సీసం ముక్కలేవో ఉంటే ఓర్విల్ బాబాయ్ పెట్టెతో సహా పట్టుకెళ్ళాడు. కరిగించి గాలాలకి గుండ్లు పోసుకుంటాట్ట."

సరస్సు మధ్యలో, మంచు మీద, ఓర్విల్ చేపల గుడిసె. లోపల చిన్న పొయ్యి మీద మూకుడు. మూకుట్లో తళతళలాడుతూ కరిగిన సీసం.

"రా అల్లుడూ. ఆ తలుపెయ్, చలొస్తోంది."

వెర్లిన్ టోపీ తీసి, మూకుడు ముందు తలవంచి నిలబడ్డాడు. గుర్రపు దళం, ఫిరంగులు, ఒక్కొక్కడికీ విడిగా మీసాలు దిద్దిన కాల్బలం, మొత్తం గరిటెడయింది. "అందరూ పోయారు మావయ్యా," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఓర్విల్ ఒడ్డుకొచ్చి చర్చికి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మీ ఆయన తరఫు వాళ్ళంతా పోయారటమ్మా." ఆ ఊళ్ళో చావుకబురు వింటే ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చోరు, చావింటికి వండి పట్టుకెళ్ళడానికి పొయ్యి వెలిగిస్తారు.

రెండింటికి ఆటగాళ్ళు నలుగురూ, నార్బర్ట్, లైల్, ఇంకో ఇద్దరూ, దిగారు. రంగు ఆరలేదని పెట్టెలో సర్దకుండా వంటింటి కిటికీలో వదిలేసిన నలుగురు సైనికుల్ని వెర్లిన్ బల్ల మీద పెట్టాడు.

"సైన్యమేదిరా?" అన్నాడు నార్బర్ట్.

"చచ్చిపోయింది," అన్నాడు వెర్లిన్. అది నిజమే. "మీరు మిగిలారు. మనిషికొకడు."

"ఒక్కడితో యుద్ధమేంట్రా, నీ మొహం!"

"యుద్ధం అయిపోయింది. చీకటి పడింది. కోటగోడ పక్కన పడున్నావు. ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యొచ్చు?"

"ఏమైనా."

ఇసుకబల్ల దగ్గర అంతకుముందెవరూ ఆ మాట అనలేదు. నార్బర్ట్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "గోడకి తలుపుందా?"

వెర్లిన్‌కి తెలీదు. "ఉంది," అన్నాడు.

"తీస్తే?"

"మెట్లు. కిందికి."

"కిందేముంది?"

"దిగితే తెలుస్తుంది."

"ఒరేయ్, దిగకురా!" అని లైల్ కేకేశాడు. "దివిటీ నా దగ్గరుంది, నేనొచ్చేదాకా ఆగు!"

సాయంత్రానికి నేలమాళిగ మెట్ల మీద నల్లకోటుతో అర్లీన్, వెనకాల పాస్టర్ గారు, ఆయన వెనక వేడివేడి బంగాళాదుంప గిన్నెలతో చర్చి ఆడవాళ్ళు, చిట్టచివర పెట్టె పట్టుకుని ఓర్విల్.

"ఎవరు పోయారు నాయనా?" అన్నారు పాస్టర్.

"ఇంకా ఎవరూ పోలేదండీ," అన్నాడు నార్బర్ట్, తల తిప్పకుండా. "లైల్ బావిలో వేలాడుతున్నాడు. కాస్త మెల్లిగా మాట్లాడండి."

ఓర్విల్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇవిగో అల్లుడూ, నీవేనటగా. పొద్దున నేను కరిగించింది పాత నీళ్ళ గొట్టం. వీటికి మీసాలున్నాయి, కరిగించడానికి చేతులు రాలేదు."

సైన్యం మొత్తం. మీసం చెక్కుచెదరలేదు. వెర్లిన్ కళ్ళు చెమర్చాయి.

"ఆ పెట్టె తీసెయ్యి బాబాయ్," అన్నాడు నార్బర్ట్. "బావికి అడ్డమొస్తోంది."

బల్ల మీద బావి లేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు. పాస్టర్ గారు మాత్రం కుర్చీ లాక్కుని, "తాడెంత పొడుగుంది?" అనడిగారు. అందరూ వెర్లిన్ వైపు చూశారు.

గరాజు మాట నార్బర్ట్ మళ్ళీ ఎత్తలేదు. ఇక సైన్యంతో పనిలేక, మరుసటి శీతాకాలం వెర్లిన్ పెట్టెని తనే మంచు మీద మోసుకెళ్ళి ఓర్విల్‌కిచ్చాడు. ఓర్విల్ కళ్ళు మూసుకుని కరిగించాడు. ఆ ఏడాది తన గాలాలన్నీ చాలా క్రమశిక్షణగా మునిగాయని ఇప్పటికీ చెప్తుంటాడు.