అమ్మ ఓడెక్కిన శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున ఇసిదోరోస్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడున్నరకి పిరేయస్ రేవులో ఓడెక్కడం, మధ్యాహ్నం మూడింటికి అగ్రిలి దీవిలో దిగడం, మర్నాడు, పోయినవాళ్ళని తలుచుకునే ఆత్మల శనివారం ప్రార్థన అవగానే అమ్మను నాన్న పక్కన పెట్టేయడం. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం చెల్లెలు అస్పసియా గుమ్మం తెరుస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ప్రస్తుతం ఆవిడ వంటింటి బల్ల మీద, ఇత్తడి మూలలున్న చెక్కపెట్టెలో, కాఫీ గిన్నె పక్కన ఉంది.

పిరేయస్‌లో చచ్చినవాళ్ళకి కూడా అద్దె ఇల్లే. మూడేళ్ళు నిండగానే, గుంట ఖాళీ చేయమని మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వస్తుంది. శ్మశానంలో ఈ పనికే ఉన్న ఆవిడ దగ్గరుండి తవ్వించి, ఎముకల్ని ఎర్ర వైనుతో కడిగి, ఎండబెట్టి, పెట్టెలో సర్ది ఇస్తుంది. "ఎంత పసుపుపచ్చగా ఉన్నాయో చూడు నాయనా, పుణ్యాత్మురాలు. పాపిష్టివాళ్ళవి నల్లబడిపోతాయి" అని ఆవిడ మెచ్చుకుంది కూడా. నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, దారిన పోయే ప్రతివాడితోనూ తగాదా పడ్డ ఇసిదోరోస్, ఆ మాటకి శ్మశానం గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడవడానికి కారణం లేకపోలేదు. జబ్బు చేసి దీవి నుంచి ఈయన దగ్గరికొచ్చిన అమ్మ, నాన్న పక్కనే పెట్టమని పోతూ పోతూ చెయ్యి పట్టుకుని అడిగింది. ఈయన సరేనన్నాడు. తీరా ఆవిడ పోయింది ఆగస్టు పండగ ముందు రోజున. ఓడలన్నీ కిటకిటలాడుతున్నాయి, శవబండికి చోటు లేదు. పోనీలే, ఇక్కడే పూడ్చి మూడేళ్ళాగితే ఎముకలు తేలిగ్గా చేత్తో పట్టుకెళ్ళొచ్చు కదా అనుకున్నాడు. అనుకున్నవాడు ఊరుకోక, పూడ్చి వచ్చాక, సాగనంపడానికి ముగ్గురే వచ్చారన్న సంగతితో పాటు ఆ మాట కూడా చెల్లెలికి ఫోనులో చెప్పాడు. అమ్మను పార్సిలు చేద్దామనుకుంటున్నావా అంది అస్పసియా. అమ్మ ఈ దీవిలో అడుగు పెట్టిన రోజున మాట్లాడతాను, అప్పటిదాకా నువ్వెవరో నేనెవరో అని ఫోను పెట్టేసింది. అన్నమాట ప్రకారం మూడేళ్ళు పలకలేదు.

భార్య కల్లిరోయి పెట్టె మీద తులసి రెమ్మ పెట్టి, తన పెళ్ళినాటి ఎర్ర మఖమలు గుడ్డ కప్పి, మూటలా చుట్టి ఇచ్చింది. ఓడవాళ్ళకి చచ్చినవాళ్ళంటే గిట్టదని, మూటలో ఎముకలున్నాయని తెలిస్తే గాలి లేస్తుందని భయపడి దింపేస్తారని హెచ్చరించింది. "ఎవరేం అడిగినా మాట్లాడకు. అబద్ధం ఆడటం నీకు చేతకాదు, నిజం చెప్తే కొంప మునుగుతుంది. మెదలకుండా కూర్చో" అంది. ఇసిదోరోస్ జీవితంలో మొదటిసారి భార్య మాట అక్షరాలా విన్నాడు. కొంప అక్కడే మునిగింది.

ఓడ అడుగున కార్లు నిలిపే చోట ఒక నావికుడు అందరి సామాన్లూ అరల మీద పెట్టిస్తున్నాడు. ఇసిదోరోస్ చూశాడు. ఒకపక్క టమాటా బుట్టలు, ఇంకోపక్క ఎవరిదో పాత వాషింగ్ మెషీను. మధ్యలో అమ్మని వదలడానికి ప్రాణం ఒప్పలేదు. పెట్టె ఇటివ్వమని నావికుడు చెయ్యి చాపాడు, ఏముందందులో అని అడిగాడు. ఇసిదోరోస్ పెదవి విప్పలేదు. పెట్టెని గుండెకి అదుముకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, వంగి దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. నావికుడు టోపీ తీసేసి, పై అంతస్తుకి తీసుకెళ్ళి మెత్తని కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఎదురుగా నల్లబట్టల్లో థెక్లా అని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. అగ్రిలి ఆవిడే. ఇసిదోరోస్ పదిహేనో ఏట దీవి వదిలాడు గనుక ఒకరికొకరు ముఖపరిచయం లేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అగ్రిలివాళ్ళు ఒక పునీతుల ఎముక కోసం పన్నెండేళ్ళుగా బిషప్పుకి అర్జీలు పెడుతున్నారు. పక్క దీవిలో ఒక పునీతుడి పుర్రె మొత్తం ఉంది. దాన్ని చూడ్డానికి వేసవిలో ఓడలకి ఓడలే వస్తాయి. అగ్రిలిలో పన్ను ముక్క కూడా లేదు. ఆ పరువు తక్కువతో దీవి మొత్తం కుమిలిపోతోంది. మామూలు చావు ఎముకల్ని జనం సంచిలో కుక్కి, పైన తువ్వాలు కప్పి పట్టుకెళ్తారు తప్ప ఎర్ర మఖమలు కప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకోరు. థెక్లాకి వైను వాసన తగిలింది, తులసి వాసన తగిలింది. గుడ్డ అంచు కొంచెం ఎత్తితే ఇత్తడి సిలువ కనిపించింది.

దేవుడి పటమా అని అడిగింది. ఇసిదోరోస్ అడ్డంగా తల ఊపాడు. ఎముకలా అంది. అబద్ధమాడలేక నిలువుగా ఊపాడు. మా అగ్రిలికేనా అంది. మళ్ళీ నిలువుగా ఊపాడు.

"మగవారా నాయనా, ఆడవారా?"

"ఆడమనిషి" అన్నాడు, అంతవరకూ చెప్పొచ్చనుకుని.

"చాలా కష్టాలు పడ్డారా?"

అమ్మ పదమూడేళ్ళకే ఉప్పుమడుల్లో పనికి పోవడం, ఇద్దరు పసిబిడ్డల్ని పూడ్చిపెట్టడం, ఆఖరి నెలల్లో మంచం మీద ఆ మూలుగులు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. "చాలా పడిందమ్మా" అన్నాడు. థెక్లా కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళూనింది. అరగంటలో పై అంతస్తులో ఉన్న డెబ్బైమందీ వరసకట్టి పెట్టెని ముద్దు పెట్టుకున్నారు. ఒకావిడ తన మోకాళ్ళ నొప్పి చెప్పుకుంది. ఒకాయన కోర్టు కేసు చెప్పుకున్నాడు. ఇసిదోరోస్ కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడుతూ ఓడ దిగేదాకా ఓర్చుకుంటే చాలనుకున్నాడు.

పన్నెండింటికి గాలి లేచింది. ఒంటిగంటకి కిటికీ అద్దాల మీదికి సముద్రం ఎక్కింది. గాలి తొమ్మిదో నంబరుకొచ్చిందనీ, అగ్రిలి రేవుగోడకి ఓడ ఆనదనీ, అందర్నీ తరవాతి దీవిలో దింపుతామనీ, సోమవారం వెనక్కి తెస్తామనీ మైకులో చెప్పారు. ఇసిదోరోస్‌కి మర్నాటి ప్రార్థన గుర్తొచ్చింది. ఆత్మల శనివారం దాటిపోతే మళ్ళీ ఎప్పటికో. ఈసారి కూడా గాలి మీద నెపం పెట్టావా అంటుంది అస్పసియా, ఇక ఈ జన్మలో గుమ్మం తెరవదు. కెప్టెను కాళ్ళు పట్టుకుందామని లేచాడు గానీ, థెక్లా అప్పటికే మెట్లెక్కేసింది.

కెప్టెను వ్రెత్తోస్ దిగొచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద మీసాలు. పెట్టెనొకసారి, ఇసిదోరోస్‌నొకసారి చూసి, పునీతురాలి ఎముకలని ఈవిడ చెప్పేది నిజమేనా అని అడిగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే ఓడ ఆగదు. ఆపైన ఓడలో చావు ఎముకలున్నాయని తెలిస్తే, ఈ గాలికి నువ్వే కారణమని నావికులు తనని బతకనివ్వరు. అవునంటే దేవుడు ఊరుకోడు. ఇసిదోరోస్ తనకి తెలిసిన ఒకే ఒక్క నిజం చెప్పాడు.

"ఆవిడ రేపటికల్లా అగ్రిలిలో ఉండాలండీ. మాటిచ్చాను."

కెప్టెను సిలువ గుర్తు వేసుకుని పైకెళ్ళి ఓడ మళ్ళించాడు. మొదటిసారి గోడకి ఆనబోయి తప్పాడు. రెండోసారి తాడు తెగింది, కింద కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, పెరుగు లారీ ఒకటి బోల్తాపడి ఓడ అడుగంతా తెల్లగా అయింది. డెబ్బైమందీ పెట్టె చుట్టూ చేరి పాడుతున్నారు. ఇసిదోరోస్ కళ్ళు మూసుకుని, వీళ్ళలో ఒక్కరు పోయినా ఆ పాపం నాదేనని అనుకుంటున్నాడు. మూడోసారి ఓడ ఆనింది. ఎవరూ పోలేదు. ఈలోగా కెప్టెను రేవు పోలీసులకీ, వాళ్ళు పాదిరికీ, పాదిరి మేయరుకీ కబురు చేసేశారు.

గోడ మీద నాలుగొందలమంది ఉన్నారు. గంటలు మోగుతున్నాయి. బ్యాండు మేళంలో ఊదేవాళ్ళ టోపీలు గాలికి ఎగిరిపోతున్నా వాయిద్యం ఆగడం లేదు. రేవు పోలీసులు ఆరుగురు బారులు తీరి వందనం చేశారు. పాదిరి సిదెరిస్ బంగారు జరీ అంగీలో ఎదురొచ్చి, మోకాళ్ళ మీద వాలి, పెట్టెని అందుకుని పల్లకీలాంటి బల్ల మీద పెట్టించాడు. ఇప్పుడైనా చెబుదామని ఇసిదోరోస్ నోరు తెరిచాడు. బాకావాడు సరిగ్గా చెవి పక్కనే ఊదాడు.

అప్పుడు జనంలోంచి అస్పసియా వచ్చింది. అన్నని చూడలేదు. చూపంతా పెట్టె మీదే ఉంది. మూడేళ్ళలో బాగా వంగిపోయింది, జుట్టు నెరిసింది. పెట్టె ముందు కూలబడి, మఖమలు మీద నుదురానించి, అందరికీ వినపడేట్టే చెప్పుకుంది.

"తల్లీ, మా అమ్మని ఇంటికి చేర్చు. మా అన్నొక గాడిద, వాడివల్ల కాదు. నువ్వే చూడు."

ఇసిదోరోస్ గుండె ముక్కలైంది. ఇక ఏమైతే అదయిందని పక్కనే మోకాళ్ళూని, ఆమె చెవిలో అన్నాడు. "అస్పో, వచ్చేసిందే. అమ్మే."

ఆమె తలెత్తి చూసింది. మఖమలు అంచు వేలితో ఎత్తింది. పెట్టె పక్కన చిన్న రేకు, దాని మీద ఎవాంథియా అని పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది. ఇసిదోరోస్ ఆమె కేక కోసం ఎదురుచూస్తున్నాడు. అస్పసియా గుడ్డని జాగ్రత్తగా కిందికి లాగి, సరిచేసి, అన్న చొక్కా చెయ్యి పట్టుకుని లేచింది. మూడేళ్ళ తరవాత ఆమె అన్నతో పలికిన మొదటి మాటలివి.

"అమ్మ పోయిననాడు సాగనంపడానికి ముగ్గురొచ్చారన్నావు కదా. ఇవాళ ఊరు ఊరంతా వచ్చింది. నోరు మూసుకుని నడువు. మేళం ఆపించావంటే ఈ నీళ్ళలోకే తోసేస్తా."

ఊరేగింపు చర్చికి చేరింది. లోపలి గదిలో పెట్టెని అద్దాల మందసంలో పెట్టబోతూ పాదిరి గుడ్డ తీశాడు, రేకు చదివాడు. ఇరవై ఏళ్ళు ఆవిడ తెచ్చిచ్చిన కొవ్వొత్తులు వెలిగించిన మనిషి. ఉన్నచోటే కూర్చుండిపోయాడు. అన్నాచెల్లెళ్ళు జరిగిందంతా చెప్పారు. ఆయన తిట్టాడు, ఏడ్చాడు, నీళ్ళు తాగి మళ్ళీ తిట్టాడు. బిషప్పు గారికి ఫోనెళ్ళిపోయిందనీ, ఆదివారం స్వయంగా వస్తున్నారనీ, నిజం చెబితే తనని మేకలు తిరిగే రాతిగుట్టకి తోలేస్తారనీ అన్నాడు. ఆయనకి తియ్యగా తగిలిన సంగతి ఇంకొకటుంది. పక్క దీవి పాదిరి ఫోను చేసి, నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అభినందనలు చెప్పాడట. ఆ గొంతు తలుచుకుంటే నిజం చెప్పడానికి నాలుక తిరగడం లేదు.

ఇసిదోరోస్ ఒకే పట్టు మీద నిలబడ్డాడు. రేపు అమ్మ నాన్న పక్కనుండాలి, లేదంటే గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పేస్తానన్నాడు. తీసేస్తే పునీతురాలెక్కడని జనం అడుగుతారు, ఏం చెప్పను అన్నాడు పాదిరి. ఇద్దరూ గుమ్మం పట్టుకుని వాదించుకుంటుంటే అస్పసియా చాలాసేపు పెట్టెనే చూస్తూ కూర్చుంది.

"అమ్మ నాన్న దగ్గరికి పోలేకపోతే, నాన్నే రావచ్చుగా" అంది చివరికి. "అన్నానికి పిలిస్తే ఏనాడూ తనంతట తాను లేచిన మనిషి కాడు. ఈ ఒక్కసారికి మనం లేపుదాం."

"మీ నాన్నా? చర్చిలోకా?" అన్నాడు పాదిరి. "నీ బాప్తిస్మంనాడు కూడా బయటే నిలబడి సిగరెట్టు కాల్చాడటమ్మా." కానీ అంతకన్నా మంచి ఉపాయం ఆయనకీ తోచలేదు.

ఆ రాత్రి ఇసిదోరోస్ పెట్టె పక్కనే చర్చి బల్ల మీద పడుకున్నాడు. శనివారం పొద్దున ప్రార్థన జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా పోయినవాళ్ళ పేరు మీద ఉడికించిన గోధుమల పళ్ళాలు తెచ్చారు. పాదిరి చచ్చినవాళ్ళ పేర్లు చదువుతూ ఎవాంథియా దగ్గరికొచ్చి, మందసం వైపు చూడకుండా గబగబా దాటేశాడు. మధ్యాహ్నం మూడు దాటాక, దీవి మొత్తం కునుకు తీసే వేళ, ముగ్గురూ శ్మశానానికి వెళ్ళారు. నాన్న ఎముకలు దాచిన గూటి తాళం అస్పసియా దగ్గరే ఉంది. నాన్న ఒక రేకు డబ్బాలో ఉన్నాడు. గోధుమ పళ్ళెం మీది గుడ్డ కప్పి చర్చికి పట్టుకొచ్చి అమ్మ పెట్టెలోకి సర్దారు. నాన్న పొడుగు మనిషి, మూత పడలేదు. పాదిరి దాని మీద కూర్చున్నాక పడింది. అస్పసియా అప్పుడు ఏడ్చింది. అన్న భుజం మీద తల పెట్టి, మూడేళ్ళదీ ఒక్కసారే ఏడ్చింది. సాయంత్రం చలిగా ఉంది, ఇంటికి రా, పప్పు చేశానని కళ్ళు తుడుచుకుంటూ అంది. ఇసిదోరోస్ ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో పడుకున్నాడు.

ఆదివారం బిషప్పు గారొచ్చారు. శుక్రవారం పెట్టె మోసిన నలుగురే మళ్ళీ దాన్ని భుజాలకెత్తారు, నాలుగడుగులకే ఆయాసపడి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రెండు రోజుల్లో పునీతురాలి బరువు రెట్టింపయిందని చర్చి పుస్తకంలో మొదటి అద్భుతంగా రాసి, బిషప్పు గారి చేత సంతకం పెట్టించారు.