మొక్కు తీరకముందే మూడు గుండ్లు

"క్లిప్పులు పెట్టొద్దన్నానా లేదా? మగపిల్లలే ఆళ్ళు!"

"మగపిల్లలని జుట్టు కళ్ళల్లో పడకుండా ఊరుకుంటదా బావా? నిన్న లచ్చుడు కనపడక గోడకెళ్ళి గుద్దుకున్నాడు."

"కనపడకేటి కాదు. గోడని గుద్దడం ఆడికి సరదా. నాకు బయట సిగ్గుగా ఉంటంది. ఆటో భయ్యా స్టాండులో అందరి ముందూ 'దోనో బేటియా బహుత్ ప్యారీ హై' అన్నాడు. కూతుళ్ళంట! స్టాండంతా నవ్వింది."

"నవ్వనీ. గురువారం ఓడెక్కుతాం, సింహాచలంలో తీయించేస్తాం, అయిపోతాది. ఈయేళ సాయంత్రం బస్సుకి అత్త దిగుతాది. అప్పటిదాకా ఈళ్ళ తలల మీద ఎంట్రుక కదలకుండా సూడు. అంతే నేనడిగేది."

"ఎంట్రుకలు లెక్కెట్టుకుని కూర్చోమంటావా?"

"లెక్కెట్టు. అత్త వచ్చి లెక్కెడతాది."

బంగారురాజుకూ భార్య కళకూ మధ్య పొయ్యి మీద టీ పెట్టినప్పుడు మొదలైన ఈ వాదన, టీ తాగి గ్లాసులు కడిగినా ముగియలేదు. సముద్రం మధ్య దీవిలో జంగ్లీఘాట్ మెట్ట మీది ఆ రెండు గదుల ఇంట్లో రెండున్నరేళ్ళుగా పిల్లల జుట్టు గురించి మాట్లాడని రోజు లేదు. కవలలు ఏడో నెలలో పుట్టి ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఇరవై రెండు రోజులున్నారు. ఆ ఇరవై రెండు రోజులూ వరండాలో నిలబడిన బంగారురాజు తల్లి అసిరమ్మ, బతికితే ఇద్దరి పుట్టు వెంట్రుకలూ సింహాద్రి అప్పన్నకే ఇస్తానని మొక్కుకుంది. బతికారు. ఆ తర్వాత ఎన్నోసార్లు తప్పిపోయిన ఓడ టికెట్లు చివరికి ఈ నెలలో దొరికాయి. డిగ్లీపూర్‌లో కూతురి ఇంటికి వెళ్ళిన అసిరమ్మ, వారం రోజులూ ఫోన్‌లో అందరి క్షేమం కంటే ముందు అడిగింది, "తలలు జాగర్తేనా?" అని.

ప్రైమరీ స్కూలు టీచరైన కళకు ఆ రోజు ట్రైనింగ్ ఉంది. అందుకని బోటు ఇంజన్లు బాగుచేసే బంగారురాజు పని మానుకుని పిల్లల్ని చూసుకోవాలి. కళ మెట్లు దిగి వెళ్ళాక ఇల్లు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంది.

పైడిబాబు, లక్ష్ముడు పదకొండు నిమిషాల తేడాతో పుట్టారు. ఆ తేడాను అప్పటి నుంచీ సరిచేసుకుంటూ వస్తున్నారు. ఒకడికి దొరికింది రెండోవాడికీ కావాలి. ఒకడు పడితే, రెండోవాడు వచ్చి అక్కడే పడాలి. తొమ్మిదిన్నరకు తండ్రి ఫోన్‌ను పైడిబాబు నీళ్ళ డ్రమ్ములో వేశాడు. లక్ష్ముడి దగ్గర ఫోన్ లేదు గనుక టీవీ రిమోట్ వేశాడు.

బంగారురాజు ఫోన్‌ను తుడిచి బియ్యం డబ్బాలో పాతిపెట్టి తిరిగి చూసేసరికి లక్ష్ముడు పనిముట్ల పెట్టె దగ్గర కూర్చుని, నానమ్మ ఆముదం రాసే పద్ధతిలో తలకేదో రాసుకుంటున్నాడు. అది పెట్రోలు గొట్టాలు అతికించే జిగురు. కొబ్బరి నూనె పోశాడు, సబ్బు రుద్దాడు. ఎడమ చెవి పైన నిమ్మకాయంత ఉండ గట్టిపడి కూర్చుంది. పొద్దున్న వాదన రేపిన క్లిప్పు అందులోనే ఉంది.

కత్తెర తీసుకున్నాడు గాని మళ్ళీ పెట్టేశాడు. తల్లి మొక్కును తన చేత్తో కత్తిరించడం కంటే సెలూన్‌లో కత్తిరిస్తే పాపం కాస్త పంచుకున్నట్టుంటుందనిపించింది. ఇద్దరినీ చెరో చంకనా వేసుకుని కింద రోడ్డు మీది సెలూన్‌కు దిగాడు.

"భయ్యా, సిర్ఫ్ యే గాంఠ్. ఔర్ ఏక్ బాల్ భీ నహీ," అని, ఇంకో వెంట్రుక కూడా ముట్టొద్దంటూ ఆ ఉండ ఒక్కటే చూపించాడు.

ట్రిమ్మర్ శబ్దానికి లక్ష్ముడు కుర్చీలోంచి దూకేశాడు. సెలూన్ భయ్యా నవ్వి, "పహలే పాపా బైఠేంగే. దేఖో, కుచ్ నహీ హోతా," అంటూ బంగారురాజును కూర్చోబెట్టి, ట్రిమ్మర్‌ను ఊరికే అతని నుదుటి దగ్గర ఆడించాడు. ఏమీ కాకపోయేదే. కాని నాన్న దగ్గర జరుగుతున్న వినోదం తనకు అందడం లేదని పైడిబాబు భయ్యా మోచేతికి వేలాడాడు. బంగారురాజు నుదుటి నుంచి నడినెత్తి దాకా నున్నటి రోడ్డు పడింది.

అద్దంలో ఆ రోడ్డు చూసుకుని బంగారురాజు దాని మీద వేలు పెట్టి కొలిచాడు. అలా తిరగలేడు. అతికించలేడు. "సబ్ నికాల్ దో," అంటూ మొత్తం తీసెయ్యమని కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం తల్లి ముందు నిలబడటం గుర్తొచ్చి కళ్ళ చివర తడి చేరింది. భయ్యా ఆ తడి చూశాడు. ఇంకేమీ అడగకుండా, మెల్లగా, ఎంతో మర్యాదగా, మీసం కూడా తీసేశాడు.

"అరే, మూఛ్ క్యో?"

"ఐసే సమయ్ మే రఖతే నహీ న, సాబ్," అన్నాడు భయ్యా గొంతు తగ్గించి, ఇలాంటి సమయంలో ఉంచుకోరు కదా అన్నట్టు. ఎటువంటి సమయమో బంగారురాజుకు అర్థం కాలేదు. లేని మీసాన్ని తడుముకుంటూ అద్దం ముందే నిలబడిపోయాడు. ఈలోపు తండ్రి గుండు మీద రెండుసార్లు చప్పట్లు కొట్టి చూసిన లక్ష్ముడు, "నాకూ!" అంటూ తనంతట తనే కుర్చీ ఎక్కాడు. సంగతి గ్రహించానన్న నమ్మకంతో ఉన్న భయ్యా ఉండ దగ్గర ఆగలేదు. బంగారురాజు వెనక్కి తిరిగేటప్పటికి సగం తల అయిపోయింది.

"నాకూ! నాకూ!" అని పైడిబాబు నేల మీద పడి దొర్లాడు.

బంగారురాజు ఆలోచించాడు. ఒకడికి జుట్టుండి ఒకడికి లేకపోతే అమ్మ ఎందుకని అడుగుతుంది. ఇద్దరికీ లేకపోయినా అడుగుతుంది. కాని అప్పుడు పైడిబాబు ఏడవడు.

బయల్దేరేటప్పుడు భయ్యా డబ్బు తీసుకోలేదు. చేతులు జోడించాడు. మీసం గురించి పాపం బాధపడుతున్నాడు కాబోలు అనుకున్నాడు బంగారురాజు.

రోడ్డు మలుపులో చేపల ఒడ్డు. మధ్యాహ్నం వేటకు పదకొండు బోట్లు ఐసు ఎక్కించుకుంటున్నాయి. బోట్ల వాళ్ళ పెద్ద లోకనాథం అక్కడే ఉన్నాడు. అతను ముందు బంగారురాజు గుండు చూశాడు. తర్వాత మీసం లేని పెదవి. తర్వాత చెరో చంకన ఉన్న రెండు చిన్న గుండ్లు. తల మీది టోపీ తీసేశాడు.

"ఏటయ్యిందిరా?"

అప్పన్న మొక్కు తలుచుకుని బంగారురాజు పిల్లల్ని పైకి ఎగదోసుకున్నాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"మరేటీ సెప్పకు," అని లోకనాథం అతని భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "డిగ్లీపూర్‌లోనేటి? పాపం, మొన్ననే కదరా ఎల్లింది అసిరమ్మప్ప. నువ్వు ఇంటికెల్లు. మేం సూసుకుంటాం."

అప్పుడు అర్థమైంది బంగారురాజుకు. నోరు తెరిచాడు. అమ్మ బాగానే ఉందని చెప్పాలంటే గుండు ఎందుకో చెప్పాలి. లోకనాథానికి చెబితే బస్సు దిగగానే అమ్మకు తెలుస్తుంది. ముందు తనే అమ్మకు చెప్పుకుని, తర్వాత లోకనాథం మావకు చెప్పొచ్చులే అనుకుని నోరు మూశాడు. పెద్ద గుండు ఊపుతూ మెట్లెక్కాడు. రెండు చిన్న గుండ్లు లోకనాథానికి టాటా చెప్పాయి.

వీధిలో ఎవరైనా పెద్ద మనిషి పోతే ఆ రోజు బోటు కదలకూడదని తాతల నాటి కట్టుబాటు. ఎక్కించిన ఐసు ఎక్కించినట్టే ఉండగా పదకొండు బోట్లూ తాళ్ళు కట్టేశాయి.

ఇంటికి ముందుగా వచ్చింది పక్కింటి బేబీరాణి. కుళాయి వంతు దగ్గర జరిగిన గొడవతో ఆరేళ్ళుగా అసిరమ్మతో మాటల్లేవు. వస్తూనే బంగారురాజును పట్టుకుని బావురుమంది.

"నానే పాపిష్టిదాన్ని రా! ఆ దినం వంతు దానిదే. నానే బిందె ముందుకి తోసీనాను!"

"పిన్నీ, అది కాదు..."

"నువ్వు ఓదార్చకు, నన్ను ఏడవనీ!" అని అరుగు మీద కూలబడి, ఏడుస్తూనే డిగ్లీపూర్‌లో ఉన్న బంగారురాజు చెల్లెలు సరోజినికి ఫోన్ చేసింది. పొద్దున్నే తల్లిని బస్సెక్కించిన సరోజిని, తల్లి పోయిందని వినగానే, "ఓలమ్మా! బస్సులోనేటి?" అని కెవ్వున ఏడ్చింది. బేబీరాణి ఫోన్ పక్కకు తీసి అందరికీ చెప్పింది: "బస్సులోనే పోయిందట. కూతురే అంటంది." అడవిలో బస్సులు వరసగా వెళ్ళే కాన్వాయ్ దారిలో సిగ్నల్ ఉండదు. సరోజిని ఎన్నిసార్లు చేసినా తల్లి ఫోన్ మోగలేదు. దాంతో ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

మొదటి మనిషికి చెప్పలేనిది పదో మనిషికి ఏం చెబుతాడు? ఒంటిగంటకు షామియానా వచ్చింది. వీధి గ్రూపులో అసిరమ్మ ఫొటో వచ్చింది. రెండు గంటలకు కళ, నలుగురు టీచర్లు, ఒక పూలదండ ఆటో దిగారు. ఏడ్చి ఏడ్చి కళ ముఖం వాచిపోయింది. బంగారురాజు ఆమెను వంటింట్లోకి లాగి తలుపు వేశాడు. రెండు నిమిషాల్లో అంతా చెప్పాడు.

కళ గోడకానుకుని కూర్చుంది. "అత్త బతికే ఉందా?"

"ఉంది."

"పిల్లల జుట్టు?"

"లేదు."

ఏ వార్తకు ఎంత ఏడవాలో కళకు తెలియలేదు. "బయటికెళ్ళి సెప్పు," అంది చివరికి.

"నువ్వు టీచరువి కదా. నువ్వైతే బాగా సెప్తావు."

"గుండు నీది బావా!"

"అరవకు, వింటారు. సంతోషమైన వార్తే కదా. ఎవరు సెప్పినా ఒకటే."

"మరైతే నువ్వే సెప్పు! నేను మా హెడ్ మేడమ్ భుజం మీద అరగంట ఏడ్చాను. ఏ మొగం పెట్టుకుని సెప్పమంటావు?"

ఇలా నువ్వంటే నువ్వని గుసగుసలాడుకుంటూ, మధ్యలో ఎవరైనా తలుపు తడితే కళ ముక్కు ఎగబీల్చి పంపేస్తూ, ఇద్దరూ నాలుగున్నర దాకా వంటింట్లోనే ఉండిపోయారు. పాపం, కోడలు తట్టుకోలేకపోతోందని బయట అంతా మెచ్చుకున్నారు.

నాలుగున్నరకు అసిరమ్మ వక్కల సంచీ నెత్తిన పెట్టుకుని వీధి మలుపు తిరిగింది. తన ఇంటి ముందు షామియానా. కింద తల దించుకున్న మగాళ్ళు. అరుగు మీద అరటిపళ్ళు తింటున్న మనవలు. ఇద్దరి తలలూ నున్నగా ఉన్నాయి.

కొడుకులకు ఎప్పుడు గుండు చేయిస్తారో ఆమెకు తెలుసు. సంచీ జారిపోయింది. వక్కలు మెట్ల మీద దొర్లాయి.

"ఓరి నా కొడకా! బంగారూ! నన్నొగ్గేసి ఎలిపోనావురా!"

పోయిన మనిషే గుండెలు బాదుకుంటూ మెట్లెక్కి రావడం చూసి షామియానా కింద సగం మంది లేచి రెండో వైపు నుంచి బయటపడ్డారు. బేబీరాణి కళ్ళు తేలేసింది. ఆ ఏడుపు విని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన బంగారురాజు తల్లి కాళ్ళ దగ్గర పడ్డాడు.

"అమ్మా, నేనే!"

అసిరమ్మ ఆ గుండునూ, ఆ బోడి పెదవినీ చూసి, "ఎవలు నాయినా నువ్వు? నా కొడుకేడి?" అంది.

గొంతు గుర్తుపట్టాక అతని ముఖమంతా తడిమింది. రెండు చేతులతో, గుడ్డివాళ్ళు తడిమినట్టు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వీధి మొత్తం ముందు మోకాళ్ళ మీద కూర్చుని జిగురు నుంచి లోకనాథం దాకా చెప్పాడు. ఎవరో ఒకరు నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు.

"నానడిగినప్పుడు ఒక్క మాటన్నా అనాల్సింది రా," అన్నాడు లోకనాథం. కోపంగా కాదు. "పదకొండు బోట్లు."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఎవరి కుర్చీలు వాళ్ళు పట్టుకుపోయారు. టీచర్లు దండను ఎక్కడ పెట్టాలో తెలియక కళ చేతిలో పెట్టారు. ముఖాన నీళ్ళు చల్లితే లేచిన బేబీరాణి, అసిరమ్మ వైపు చూడలేక, "కుళాయి వచ్చే వేళయింది. ఈయేళ ముందు నువ్వే పట్టుకో," అని గొణిగి వెళ్ళింది. అసిరమ్మ, షామియానా కింద బల్ల మీద ఎవరో పెట్టిన తన ఫొటో తీసి కాసేపు చూసుకుని, బోర్లించి పెట్టింది. తర్వాత అరుగు దిగి, ఎవరికీ చెప్పకుండా ఒడ్డు వైపు వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. కళ టీ ఇచ్చింది. బియ్యంలోంచి లేచి ప్రాణం పోసుకున్న ఫోన్‌లో సరోజిని స్పీకర్ మీద ఉంది, ఇంకా వెక్కుతూనే. కవలలు నానమ్మ ఒడిలో చెరో మోకాలూ పంచుకున్నారు. బంగారురాజు గుమ్మం దగ్గర, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తున్నాడు. మొదలైతే సగం భారం దిగుతుంది.

అసిరమ్మ రెండు చిన్న గుండ్ల మీదా చేతులు పెట్టింది.

"ఈ గుండ్లు సూసి నా కొడుకు పోనాడనుకున్నాను," అంది మెల్లగా. "ఆ రెండు నిమిషాల్లో అప్పన్నకి ఇంకేటి మొక్కీనానో మీకెవలికీ సెప్పను."

ఫోన్‌లో సరోజిని వెక్కిళ్ళు ఆగాయి.

"గురువారం ఓడకి నాను, కళ, గుంటలూ ఎల్తాం. మొక్కింది నాను, ఈళ్ళు కాదు. నా తల ఇస్తాను అప్పన్నకి. బంగారు ఇక్కడే ఉంటాడు. లోకనాథానికి సెప్పొచ్చీసినాను. మేం తిరిగొచ్చీదాకా ఆ పదకొండు బోట్ల ఇంజన్లూ ఆడే సూస్తాడు. రేపు తెల్లారగట్ట ఒడ్డుకెల్లి, ఒక్కో బోటు దగ్గరా నిలబడి, ఏం జరిగిందో ఆడి నోటితో ఆడే సెప్పుకుంటాడు. పదకొండు సార్లు."

బంగారురాజు తల్లి వైపు తిరిగాడు. చచ్చిపోయి తిరిగొచ్చిన మనిషితో ఎలా వాదించాలో ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు.