పొగ రాని పొయ్యి

యెషికి ఆ పొద్దున ఒకటే పని. తొమ్మిదింటికల్లా లైసెన్సు ఆఫీసుకి వెళ్లి కారు తోలి చూపించాలి. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండోసారి తప్పినప్పుడు వీధిలో ఆడవాళ్లు నెలరోజులు నవ్వుకున్నారు. అందుకే ఈ మూడోసారి సంగతి మొగుడు దెరెజెకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అడ్డొచ్చిందల్లా కాఫీ. వీధిలో ఆడవాళ్లంతా రోజుకొకరింట్లో కలిసి తాగుతారు, ఆ రోజు వంతు ఆమెది. వంతంటే గింజలు కడగాలి, పెనం మీద వేయించాలి, ఆ పొగ వచ్చినవాళ్లందరి ముక్కు దగ్గరా తిప్పాలి, రోట్లో దంచాలి, కాచి మూడు విడతలు పొయ్యాలి. మూడో కప్పు తాగకుండా లేచే మనిషి అడిస్ అబాబాలో ఇంకా పుట్టలేదు. అంతా అయ్యేసరికి పదకొండవుతుంది. అందుకని యెషి ముందురోజే కాఫీపొడి పొట్లం కొని, సంచిలో ఉల్లిపాయల కింద దాచి తెచ్చుకుంది. తెల్లారగానే పక్కింటి అల్గనేష్‌కి గోడ మీంచి, "ఇవాళ కాఫీ లేదు, ఎవరూ రావద్దు" అని చెప్పి లోపలికొచ్చేసింది. స్టవ్ మీద అయిదు నిమిషాల్లో కాచుకుని ఒక్కతే తాగింది. ఇంత సుఖం ఇన్నాళ్లూ ఎందుకు వదులుకున్నానా అనిపించింది.

ఆ సుఖం పావుగంట.

అల్గనేష్ ఊరుకునే మనిషి కాదు. యెషి ఇంట్లోంచి పొగ రాలేదు, రోటి చప్పుడు లేదు. ఆ వీధిలో వంతు రోజున కాఫీ వేయించని ఇల్లంటే చావు జరిగిన ఇల్లే. కిటికీలోంచి తొంగిచూసింది. యెషి ఒక కంచాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, "మెల్లగా... ఆగు... ఆగు..." అని గొణుక్కుంటోంది. అల్గనేష్‌కి కళ్లు చెమర్చాయి. పరుగున పోయి వీధికంతా పెద్దదైన తురునెష్‌ని లేపింది.

"ఎవరు పోయారో అడిగావా?"

"ఎలా అడగను పెద్దమ్మా, పిచ్చిదానిలా ఉంది. వాళ్లమ్మే అయ్యుంటుంది. జిమ్మాలో ఒంట్లో బాలేదంది కదా మొన్న."

అక్కడ చావు కబురు ఎవరూ నోటితో చెప్పరు. పొద్దున్నే పదిమంది తెల్లబట్ట కప్పుకుని వచ్చి నిలబడితే ఎదుటి మనిషే అర్థం చేసుకోవాలి. యెషి తలుపు తీసేసరికి వాకిట్లో పన్నెండుమంది ఉన్నారు, అందరూ తెల్లబట్టల్లోనే.

"అమ్మేనా?" అంది యెషి.

"అమ్మే పెద్దమ్మా, నేను చెప్పలే?" అని అల్గనేష్ బావురుమంది.

ఇంక చూసుకోండి. పన్నెండు గొంతులూ లేచాయి. ఒకామె ఏడుస్తూనే దెరెజె ఆఫీసుకి ఫోన్ చేసి అత్తగారు పోయిందని చెప్పింది. చావుల సంఘం మగాళ్లు డేరా మోసుకొచ్చి వీధికి అడ్డంగా గుంజలు పాతడం మొదలెట్టారు.

"కబురు ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?" అని యెషి వెక్కుతూ అడిగింది.

"నాకెక్కడొచ్చిందే? నీకు కదా వచ్చింది."

ఏడుపు ఆగిపోయింది. యెషి అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ వెంటనే ఎత్తి, పెనం మీద గింజలు మాడిపోతున్నాయి, తొందరగా చెప్పమంది.

"మరి నీ ఇంట్లో పొగెందుకు రాలేదు?" అంది తురునెష్.

యెషికి దాచే ఓపిక కూడా లేదు. పరీక్ష సంగతి చెప్పి, పొట్లం తెచ్చి చాప మీద పడేసింది. పరీక్ష ఎవరికీ పట్టలేదు. తురునెష్ పొట్లం వాసన చూసి దూరంగా పెట్టింది. "దీనికన్నా ఎవరో ఒకరు పోయున్నా బాగుండేది," అంది.

ఫోన్లో అమ్మ అంతా వింటూనే ఉంది. "నేను పోయానన్నారు, సర్లే అనుకున్నా. కాఫీ పండే జిమ్మాలో పుట్టి పొట్లం పొడి తాగుతావా? ఇంక నాతో మాట్లాడకు," అని పెట్టేసింది.

అయినా తొమ్మిదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. చేసిన నిర్వాకానికి సిగ్గుపడి అల్గనేషే ఆటో పిలిచి యెషిని ఎక్కించింది. ఉబ్బిన కళ్లతో, చెదిరిన జుట్టుతో ఆమె సరిగ్గా తొమ్మిదింటికి ఆఫీసులో అడుగుపెట్టింది. అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మీ ఆయన ఫోన్ చేశాడమ్మా. అమ్మగారు పోయారట, పాపం."

"పోలేదండీ. ఇప్పుడే మాట్లాడి వస్తున్నా."

అతను మెల్లగా తలూపాడు. "మొదట్లో అలాగే ఉంటుంది. మా నాన్న పోయినప్పుడు నేనూ మాట్లాడాను."

"నిజంగా బతికే ఉందండీ. నన్ను తిట్టింది కూడా."

"తిడతారమ్మా, ప్రేమ ఉంటుంది కదా. ఈ కళ్లతో ఏం తోలతావు చెప్పు? తప్పావని రాయలేదులే. నలభయ్యో రోజు కర్మ అయ్యాక రా," అని కాగితం మీద నలభై రోజుల వాయిదా రాశాడు.

యెషి అరిచింది, బల్ల గుద్దింది, అమ్మ నంబరు ఇస్తాను మీరే చేసుకోండంది. ఆమె అరిచినకొద్దీ అతనికి జాలి పెరిగింది. చివరికి నలభై కొట్టేసి అరవై రాశాడు.