నదుల పాఠం, రెండు బస్తాలు

రూలు ప్రకారం ప్రతి తరగతి అల్లరినీ సాయంత్రం గోనెసంచిలో పట్టి, తూచి, మూతి కట్టి స్టోరు గదిలో అప్పగించాలి కాబట్టి సన్యాసమ్మ టీచర్ ముప్పై ఒక్క ఏళ్లుగా అదే చేస్తోంది. చివరి గంట కొట్టగానే గుమ్మం దగ్గర సంచి మూతి తెరిచి పట్టుకుంటుంది. అల్లరి దానంతటదే వచ్చి చేరుతుంది. తరువాత కాటా, పురికొస, రిజిస్టరు.

తరగతికి రోజుకు పది కిలోలకు మించకూడదు. మించితే మెమో. ఆమె మొదట్లో చాలా మెమోలు అందుకుంది. తరగతి నిర్వహణ మీద మూడు శిక్షణలకు వెళ్లొచ్చాక తూకం తగ్గింది. ఈ ఏడాది ఏడో తరగతి సంచి మూడు వందల గ్రాములు దాటలేదు. ఒకరోజు అందులో ఒక్క దగ్గు మాత్రమే ఉంది. ఆ వారమే ఆమెకు ప్రశంసాపత్రం వచ్చింది.

పాతికేళ్లు దాటిన అల్లరిని ఖాళీ చేయాలని ఉత్తర్వు రావడంతో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పేరు నూకరాజు. ఒకప్పుడు ఇదే బడిలో, ఈమె దగ్గరే ఏడో తరగతి చదివాడు.

స్టోరు గదిలో ఒకే తేదీ చీటీతో రెండు బస్తాలు కనిపించాయి.

"ఒక్క పీరియడ్‌కి రెండేంటండీ టీచర్ గారూ?" అన్నాడు.

"నదుల పాఠం సార్. ఒకదాంట్లో పట్టలేదు."

ఆ రోజు ఆమె పిల్లల్నే నదుల్ని చేసింది. వెనక బెంచీలు కొండలు, బల్ల దగ్గర తానే బంగాళాఖాతం. తుంగ, భద్ర అనే ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని పరుగెత్తి కృష్ణ మీద పడ్డారు. గోదావరి అయిన ముత్యాలు పాయలుగా చీలడానికి నలుగుర్ని వెంటేసుకుంది. ఆ పాఠం ఎవరూ మర్చిపోలేదని చాలా కాలంగా ఆమె నమ్మకం.

"ఖాళీ చేసే ముందు ఒక్కసారి విననివ్వండి సార్," అంది. ఆ రెండు బస్తాలైనా మిగుల్తాయేమోనని ఆశ.

నూకరాజు ఒక బస్తా పురికొస కొంచెం వదులు చేశాడు. గదంతా అడుగుల చప్పుడు, బెంచీలు జరిగిన మోత, నవ్వులు. వాటన్నిటి మీదుగా ఒక కీచు గొంతు: "నాగావళి వస్తంది, తప్పుకోండర్రా!"

"ఎవరిదండీ ఈ గొంతు?"

"నీదే నూకరాజూ."

అతను గోడకి చేయి ఆనించి నిలబడ్డాడు. నెమ్మదిగా అడిగాడు, "నేను ఇంత గట్టిగా అరిచేవాణ్ణా? మరి మీరేం చేసేవారు?"

"నేను సముద్రాన్ని కదా. చేతులు చాపి నిలబడ్డాను. నువ్వు వచ్చి నా కడుపుకి గుద్దుకున్నావు."

అతని కళ్లు తడిశాయి. జేబురుమాలుతో తుడుచుకుని, బస్తా మూతి మళ్లీ బిగించి, ఫారంలో 'నాశనం చేయదగినది' అన్న గడిలో సంతకం పెట్టాడు. "ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నారు. ఇలా తూకం మించినవి మీ పేరు మీద ఎందుకు టీచర్ గారూ," అన్నాడు. అతను నిజంగానే ఆమె మంచి కోరాడు. ఆమెకీ అది తెలుసు.

నిబంధన ప్రకారం పిల్లల సమక్షంలో ఖాళీ చేయాలి. ఏడో తరగతి పిల్లలు మైదానంలో వరసగా, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆమె రెండు బస్తాలూ తిరగేసింది. పాతికేళ్ల నాటి నదులన్నీ కేకలు వేస్తూ వాళ్ల తలల మీదుగా, ప్రహరీ దాటి వెళ్లిపోయాయి. ఎవరూ తల తిప్పలేదు.

చివర్లో ముందు వరసలోని హేమలత అనే అమ్మాయి చేయెత్తింది. సన్యాసమ్మ టీచర్ ఖాళీ బస్తా వదిలేసి గబగబా ఆమె ముందుకు వచ్చింది.

"చెప్పమ్మా."

"టీచర్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదమ్మా."

ఆ అమ్మాయి "సరే టీచర్" అని చేయి దించి, నోటుపుస్తకం మూసేసింది.